గేదెకు ఏమనిపిస్తోంది?

చదివేవాళ్ళకు ముందుగా ఒక దణ్ణం. నేను పలక పట్టింది మనవలు పుట్టాక. అందుకని ఒత్తులు ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతాయి, దీర్ఘాలు అలిగి ఎటో వెళ్ళిపోతాయి. నేను ఒక పేజీ రాసేసరికి మా కోడలు అట్లు పోసి, అంట్లు తోమి, సీరియల్ కూడా చూసేస్తుంది. తప్పులుంటే సర్దుకోండి. కథ మాత్రం తిన్నగానే నడుస్తుంది. అందులో గేదె ఉంది కాబట్టి దారి దానికి తెలుసు.

తవిటమ్మకు ఆసుపత్రి తీరు మారిన సంగతి మొదట పోలినాయుడి ఎద్దు వల్ల తెలిసింది. చూలుతో ఉన్న తన గేదె చుక్కికి పిడుదుల మందు అడుగుదామని ఆమె జీడివలస పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. ఆసుపత్రి అంటే మరీ పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి, పశువు కదలకుండా బిగించి నిలబెట్టే ఇనుప గొట్టాల బోను, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. ఆ రోజు వెళ్ళి చూస్తే బోను లేదు. బోను గొట్టాలు పీకేసిన గోతులున్నాయి. వాటి పక్కన చాప పరిచి ఉంది. చాప మీద డాక్టరు శశిభూషణ్ గారు మఠం వేసుకుని కూర్చుని, ఎదురుగా నిలబడిన ఎద్దు మొహంలోకి తదేకంగా చూస్తున్నారు. ఎద్దు కుడి ముందరి కాలు నేలకు ఆనించడం లేదు. గిట్టలోంచి మేకు తల తళుక్కుమంటోంది.

"మేకు దిగిపోనాది డాక్టరుబాబూ," అన్నాడు పోలినాయుడు.

"మేకు దిగిందని మీకు అనిపిస్తోంది," అన్నారు డాక్టరు గారు.

"అనిపించడమేటి బాబూ, కనిపిస్తంటేనూ!"

"కనిపిస్తోందని మీకు కోపంగా ఉంది."

పోలినాయుడు తవిటమ్మ వైపు తిరిగాడు. "ఒదినా, నువ్వు సెప్పు. అది మేకు కాదేటి?"

"మేకే. తలకాయ కూడా ఉన్నాది," అంది తవిటమ్మ.

"తవిటమ్మ గారికి కూడా అలాగే అనిపిస్తోంది," అన్నారు డాక్టరు గారు. ఆ మాట అంటుంటే ఆయన కుడి చెయ్యి పక్కనున్న పట్టుకారు మీదికి పోయింది. ఎడమ చెయ్యి వచ్చి దాన్ని వెనక్కి లాగింది. పథ్యంలో ఉన్నవాడు పెళ్ళి పంక్తిలో పక్కవాడి విస్తరిని చూసినట్టు ఆయన ఆ మేకును చూస్తున్నారు.

"ఇంతకీ తియ్యరా?" అన్నాడు పోలినాయుడు.

"తియ్యాలా వద్దా అన్నది ఎద్దుగారి లోపలి నుంచి రావాలి."

ఎద్దుగారి లోపలి నుంచి పేడ తప్ప ఏమీ రాలేదు. పోలినాయుడు ఎద్దును నడిపించుకుంటూ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకుపోయాడు. అతను ఒక్క లాగుతో మేకు తీసి, పక్కన పడేసి, మళ్ళీ చెప్పు కుట్టుకున్నాడు. అతనికి ఇంకా ఉత్తర్వులు అందలేదు.

ఆ ఉత్తర్వుల కథ తవిటమ్మకు కాంపౌండరు సూరిబాబు చెప్పాడు. అతను ఆమెకు వరసకు కొడుకు అవుతాడు. కుడి మోచేతికి కట్టు ఉంది.

జిల్లాలో వ్యక్తి వికాస ప్రత్యేకాధికారి అని ఒక కుర్చీ ఉంది. అందులో నిగమానందరావు గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. మెత్తటి మనిషి. తల కొంచెం పక్కకు వంచి, ఎవరేం చెప్పినా "ఊఁ" అంటారు. ఆయన్ను ఏదో కొండ మీది ఊరికి శిక్షణకు పంపారు. అక్కడ ఆయనకు చెప్పినది ఏమిటంటే, ప్రతి మనిషి లోపలా ఒక విత్తనం ఉంటుందట. ఎటు పెరగాలో దానికే తెలుసట. బాధలో ఉన్న మనిషికి నువ్వు తప్పు, నువ్వు ఒప్పు అని తీర్పులు చెప్పకూడదు, ఇలా చెయ్యి అలా చెయ్యి అని సలహాలు ఇవ్వకూడదు, ఏ షరతూ లేకుండా ఆదరించి, అతని మనసులోకి వెళ్ళి శ్రద్ధగా వింటే చాలు, ఆ విత్తనం తనంతట తానే మొలకెత్తుతుందట. ఆ మాటలు మంచివే. ఎవరు చెప్పారో గానీ మనుషుల్ని చూసి చెప్పారు.

నిగమానందరావు గారు కొండ దిగీ దిగగానే జిల్లాలోని ఆసుపత్రులన్నింటికీ సర్క్యులర్ పంపారు. ఆయన రాసింది మనసు బాగాలేని మనుషుల కోసం. గుమస్తా పంపింది ఆసుపత్రి అన్న బోర్డు ఉన్న ప్రతిచోటికీ. డాక్టరు శశిభూషణ్ గారు వినయంగా జవాబు రాశారు, అయ్యా మాది పశువుల ఆసుపత్రి అని. పొరపాటైందని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. కానీ సంతకం పడిన కాగితానికి పొరపాటు అంటుకోదు. వారానికల్లా తిరుగు టపాలో జవాబు వచ్చింది.

"తమరి లేఖ పరిశీలించడమైనది. సదరు సర్క్యులర్‌లో వ్యక్తి అను పదమునకు నిర్వచనము ఇవ్వబడి ఉండలేదు. నిర్వచనము లేని యెడల, ఎవరికి వైద్యము జరుగుచున్నదో వారినే వ్యక్తిగా భావించవలెను. కావున పశువు వ్యక్తి. వ్యక్తిని ఇనుప బోనులో బిగించుట తక్షణము నిలుపుదల చేసి, సదరు బోనును పాత ఇనుము కింద జమ కట్టి, వైద్యుడు వ్యక్తితో సమానమైన ఎత్తులో ఆసీనుడు కావలెను."

"అదీ సంగతి పిన్నీ," అన్నాడు సూరిబాబు. "రోగం పేరు సెప్పకూడదు, అది తీర్పంట. మందు సెప్పకూడదు, అది సలహాయంట. సూది ఎయ్యకూడదు, అది దౌర్జన్యమంట. పశువు దానంతటది అడిగితే మాత్రం ఎన్నైనా ఎయ్యొచ్చంట."

"అడిగిందేటి ఏదైనా?"

"ఇంకా లేదు. కుక్కొకటి వొచ్చినాది. బేషరతుగా ఆదరించమన్నారు కదా అనీసి ఆదరించినాను. కరిసీసినాది." కట్టు చూపించాడు. "కరిసినాక కూడా ఆదరించినాను. అదే కష్టం."

పిడుదుల మందు దొరకలేదు. చుక్కికి పిడుదులంటే ఎలా అనిపిస్తోందో చుక్కినే అడగమని డాక్టరు గారు చెప్పారు. చెబుతూ నేల చూపులు చూశారు. తవిటమ్మ ఇంటికి వచ్చి వేపనూనె రాసింది.

కొత్త పద్ధతి ఆ తరువాత ఊపందుకుంది. కోళ్ళకు తెగులు సూదులు వేసే రోజు వస్తే సూదులు మానేసి కోళ్ళన్నింటినీ గుండ్రంగా కూర్చోబెట్టారు. అది సామూహిక సమావేశమట. ఒక్కో కోడీ తన మనసులో ఉన్నది ఒకరి తరువాత ఒకరు చెప్పుకోవాలి. ఒక పుంజు మాత్రం ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ఆ పుంజులో నాయకత్వ లక్షణాలు వికసించాయని పైకి రాశారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. పుంజు వాటిని అందుకునే లోపే ఆదివారం వచ్చింది, పుంజు కూర అయింది.

ఇక మేక సంగతి. దాని యజమానురాలు బెవర అప్పయ్యమ్మ. మేకకు కడుపు ఉబ్బితే ఆసుపత్రికి తోలుకొచ్చింది. డాక్టరు గారు చాప మీద కూర్చుని తల పక్కకు వంచి "చెప్పండి," అన్నారు. మేకతోనే అన్నారు. మేక మాట్లాడలేదు. ఆ "చెప్పండి" విని అప్పయ్యమ్మ మేక పక్కనే చతికిలబడింది. ఆమెను ఎవరైనా "చెప్పండి" అని అడిగి ఎన్నేళ్ళయిందో! కోడలు కంచం విసురుగా పెట్టడం దగ్గర మొదలుపెట్టి, తను కాపురానికి వచ్చిన రోజు దాకా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళింది. డాక్టరు గారు మధ్యలో అడ్డు రాలేదు. "కంచం విసిరినప్పుడు మీకు చిన్నతనంగా అనిపించింది," అన్నారు. అప్పయ్యమ్మ భోరుమంది. ఈలోగా మేక కడుపులో గాలి దాని దారిన అది పోయింది. ఇద్దరూ తేలిగ్గా ఇంటికి వెళ్ళారు.

మరునాటికి ఊరంతా తెలిసింది. ఆసుపత్రి ముందు బారు కట్టారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, అత్తల నొప్పులవాళ్ళు, గట్టు తగాదాలవాళ్ళు. సూరిబాబు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"పశువేది? పశువు లేందే లోపలికి పంపకూడదు. రూలు."

అందరికీ పశువు ఎక్కడుంటుంది? అప్పయ్యమ్మ మేకనే అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకరు తీసుకొచ్చి, గుండె బరువు దించుకుని, బయటికొచ్చి తాడు ఇంకొకరి చేతిలో పెట్టేవారు. అన్నీ మేక పేరు మీదే నమోదయ్యేవి, ఎందుకంటే వ్యక్తి మేక. సదరు వ్యక్తికి కోడలు ఎదురు చెప్పుచున్నది. సదరు వ్యక్తి గట్టును తమ్ముడు మూరెడు జరిపెను. సదరు వ్యక్తి మొగుడు సారా మానుట లేదు. సదరు వ్యక్తి పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇంట్లో చెప్పుటకు భయపడుచున్నది.

"నువ్వెళ్ళవేటే?" అని అప్పయ్యమ్మ ఒకరోజు తవిటమ్మను అడిగింది. "ఎల్లు. కడుపులో బరువు దిగిపోతాది. నా మేకనిస్తాను."

"నాకు మేకెందుకొదినా," అంది తవిటమ్మ. "సుక్కి ఉన్నాది కదా."

నిజమే. తవిటమ్మకు ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉన్న ప్రాణి చుక్కి ఒక్కటే. పిల్లలు లేరు. మొగుడు పోయాక ఆ గేదెను ఆమె దూడప్పటి నుంచి పెంచింది. పొద్దున్నే పాలు తీస్తూ రాత్రి వచ్చిన కలలు చెబుతుంది. సాయంత్రం కుడితి పెడుతూ ఊళ్ళో ఎవరు ఎవరిని ఏమన్నారో చెబుతుంది. చుక్కి ఏ సలహా ఇవ్వదు. నెమరు వేస్తూ వింటుంది. ఏ శిక్షణా లేకుండానే.

అటు జిల్లాలో నిగమానందరావు గారు మేక కేసు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారట. "నా సర్వీసులో ఇంత సంక్లిష్టమైన వ్యక్తిని చూడలేదు," అన్నారట. ఇన్ని బాధలు మోస్తూ కూడా ఆత్మహత్య తలపెట్టని ఆ మేకను స్వయంగా సన్మానించడానికి జీడివలస వస్తున్నారని కబురు వచ్చింది.

సన్మానానికి ముందు రోజు సాయంత్రం చుక్కి ఈనింది. పెయ్య దూడ, నుదుట తల్లికున్నట్టే తెల్ల చుక్క. తవిటమ్మ ఆనందం పట్టలేక వీధిలోకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళను పిలిచి చెప్పింది. తెల్లారి లేచి చూస్తే చుక్కి పడుకుని ఉంది. లేపితే లేవలేదు. తోక మెలిపెడితే లేవలేదు. మెడ డొక్క వైపు వంచేసి, కళ్ళు సగం మూసి, రాయిలా ఉంది. తవిటమ్మ చెవి పట్టుకు చూసింది. మట్టి కుండలా చల్లగా తగిలింది. దూడ పొదుగు కోసం తల్లి పొట్ట కింద ముట్టెతో తవ్వుకుంటోంది.

కొంగు బిగించి ఆసుపత్రికి పరుగెత్తింది.

అక్కడ రంగుకాగితాల తోరణాలు. బల్ల మీద మేక. మేక మెడలో బంతిపూల దండ. దండలో తనకు అందిన సగం మేక అప్పటికే తినేసింది. మైకు ముందు నిగమానందరావు గారు.

"ఈ వ్యక్తి మనందరికీ ఆదర్శప్రాయం. సమాజం తనపై రుద్దిన షరతులను ధిక్కరించి..."

"బాబూ! నా గేద పడిపోనాది!" తవిటమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చేసింది. "లెగటం లేదు. నిన్న ఈనింది. సెవులు సల్లబడిపోనాయి. బేగి రండి డాక్టరుబాబూ!"

డాక్టరు గారు కుర్చీలోంచి సగం లేచారు. ప్రత్యేకాధికారి గారు తల పక్కకు వంచారు.

"మీరు చాలా ఆందోళనలో ఉన్నారు," అన్నారు మెత్తగా.

"ఉన్నాను బాబూ! గేద సచ్చిపోతాంది!"

"గేదె పోతుందేమోనని మీకు..."

"ఏమోనని కాదు. పోతాంది!"

నిగమానందరావు గారి మొహం వెలిగిపోయింది. ఆయన అంతవరకు కాగితాల మీదే వైద్యం చేశారు, ప్రాణమున్న కేసు కళ్ళతో చూడలేదు. సన్మానాన్ని అర్ధాంతరంగా ముగించి డాక్టరు గారితో సహా జీపు ఎక్కారు. ఇటువంటి సమయంలో అనుభవజ్ఞురాలైన తోటి వ్యక్తి పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని మేకను కూడా ఎక్కించుకున్నారు. తవిటమ్మకు చోటు చాలలేదు. ఆమె జీపు వెనకాల పరుగెత్తింది. సూరిబాబు భుజానికి సంచి తగిలించుకుని సైకిలెక్కాడు.

"అందులో ఏముంది?" అని అడిగారు ప్రత్యేకాధికారి గారు, తవిటమ్మ పశువులశాల ముందు దిగుతూ.

"భోజనం సార్," అన్నాడు సూరిబాబు. సంచిలో ఏదో గాజు సీసా సంచి అంచుకు తగిలి టంగుమంది. "చారు సీసా."

చుక్కి తవిటమ్మ వదిలి వెళ్ళినప్పటిలాగే పడి ఉంది. నిగమానందరావు గారు గోనెపట్టా పరిపించుకుని దాని మొహం ముందు కూర్చున్నారు. వెనకాల ఊరు ఊరంతా గోడల మీదికెక్కింది.

"చుక్కి గారూ," అన్నారు. "నేను మిమ్మల్ని లెమ్మని అడగడానికి రాలేదు. మీరు ఎలా ఉన్నారో అలాగే మాకు ఇష్టం."

చుక్కి కన్ను కొంచెం ఇంకా మూతపడింది.

"ఆమె మౌనాన్ని గౌరవిద్దాం," అన్నారు ఆయన, అందరి వైపూ తిరిగి.

"మౌనం కాదు బాబూ అది!" అంది తవిటమ్మ. "ఊపిరి సన్నబడిపోతంది, సూడండి!"

"తల్లీ, నిలబడితేనే గేదె, పాలిస్తేనే గేదె అని మనం ఇన్నాళ్ళూ ఆమెకు షరతులు పెట్టాం. ఆ షరతుల బరువుకే ఆమె కుంగిపోయింది. ఇప్పుడు మొదటిసారి ఆమె తనకు నచ్చినట్టు పడుకుంది. ఇది పతనం కాదు, వికాసం."

"పాపం బాగా వికసించీసినట్టున్నాది, కాళ్ళు సాపీసినాది," అన్నాడు గోడ మీద నుంచి పోలినాయుడు.

తవిటమ్మ డాక్టరు గారి చేతులు పట్టుకుంది. "తమరు సెప్పండి బాబూ. ఏటైనాది దీనికి? తమకి తెలుసు. నాకు తెలుసు తమకి తెలుసనీసి."

"మీకు... మీకు భయంగా ఉంది," అన్నారు శశిభూషణ్ గారు.

మేక మెల్లగా వెళ్ళి చుక్కి ముందున్న గడ్డి తినడం మొదలుపెట్టింది.

"సంభాషణ మొదలైంది," అన్నారు నిగమానందరావు గారు గుసగుసగా. "ఎవరూ కదలకండి. అంటే, కదలకుండా ఉండాలని మీకు అనిపిస్తే."

ఎవరూ కదల్లేదు. ఈగలు కదిలాయి. చుక్కి తల మెల్లగా డొక్కలోంచి జారి నేలకు వాలిపోయింది. తవిటమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. ఏడుపు రాలేదు. చెప్పుకోవడానికి చుక్కి తప్ప ఎవరూ లేరు, ఆ చుక్కికే ఇలా అయితే ఎవరికి చెప్పుకోవాలి? ఆమె తల ఎత్తింది. ఎదురుగా డాక్టరు గారు గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పెదవి పళ్ళ కింద నొక్కుకుంటున్నారు. వేళ్ళు సూది పట్టుకున్నట్టు వాటంతట అవే ముడుచుకుని, విచ్చుకుని, మళ్ళీ ముడుచుకుంటున్నాయి. కళ్ళలో నీళ్ళు. తాడు పొట్టిగా కట్టేస్తే తల్లి పొదుగు అందని దూడలా ఉన్నారు ఆయన. తవిటమ్మకు తన బాధలో కూడా ఆయన మీద జాలి వేసింది. పాపం, ఇన్ని నెలలుగా మంది బాధలన్నీ విని విని అప్పజెబుతున్నాడు, ఈయన్ని ఎవరైనా అడిగారా?

"డాక్టరుబాబూ," అంది. "తమకేటనిపిస్తంది?"

డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "నాకా?"

"తమకే బాబూ. సెప్పండి."

ఆయన నోరు తెరిచారు. అప్పుడు లోపలి నుంచి, చాలా లోపలి నుంచి వచ్చింది.

"నాకు సూది వెయ్యాలనిపిస్తోందమ్మా! ఇది పాలజ్వరం అమ్మా! పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లబడిపోతుంది. ఈనిన గేదె ఒంట్లో ఉన్న సున్నమంతా పాలలోకి దిగిపోయింది. సున్నం ఎక్కిస్తే లేస్తుంది, ఎక్కించకపోతే పోతుంది! అయిదేళ్ళు చదివానమ్మా దీని కోసం! నిద్రలో లేపి అడిగినా చెబుతాను! నాకు ఆ మేకు పీకాలనిపించింది, ఆ కోళ్ళకు సూదులు వెయ్యాలనిపించింది, నాకు, నాకు... ఒరే సూరిబాబూ, ఆ చారు సీసా ఇటు ఇవ్వరా!"

నిగమానందరావు గారు గోనెపట్టా మీద నుంచి లేచారు. "ఆ..." అన్నారు. ఆగండి అనబోయారు. అది ఆజ్ఞ అవుతుంది. ఆజ్ఞ ఇవ్వకూడదు. నోరు మూసుకున్నారు. "తప్పు" అందామనుకున్నారు. అది తీర్పు. దాన్నీ మింగేశారు. చివరికి చేతిలో మిగిలినది ఒకటే.

"మీకు సూది వెయ్యాలని అనిపిస్తోంది," అన్నారు.

"అవును సార్." డాక్టరు గారు అప్పటికే చుక్కి మెడ మీద నరం తడుముతున్నారు.

"చాలా బలంగా అనిపిస్తోంది."

"చాలా బలంగా సార్. మీరు పక్కకు జరగాలని కూడా అనిపిస్తోంది."

ప్రత్యేకాధికారి గారు పక్కకు జరిగారు. సూది దిగింది. గొట్టం తగిలించారు. సీసా పైకి ఎత్తి పట్టుకోవాలి. సూరిబాబు కుడి చెయ్యి అప్పటి కుక్క ఆదరణ నుంచి ఇంకా తేరుకోలేదు, ఎత్తలేడు. డాక్టరు గారు చుట్టూ చూశారు.

"సార్, ఈ సీసా ఎత్తి పట్టుకోవాలని మీకు అనిపిస్తోందా?"

"నాకు... ఇంకా అంత స్పష్టంగా..."

"అనిపిస్తంది బాబుకి," అంది తవిటమ్మ. "పట్టుకో బాబూ!"

నిగమానందరావు గారు పట్టుకున్నారు. రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి, హారతి పట్టినట్టు నిలబడ్డారు. మందు బొట్టుబొట్టుగా దిగుతోంది. తొందరపడితే గుండె ఆగిపోతుందని డాక్టరు గారు గుండె చూసే గొట్టం చెవుల్లో పెట్టుకుని చుక్కి రొమ్ము మీద ఆనించి వింటున్నారు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు. ఆ వినడం చూసి గోడ మీది జనం కూడా నోళ్ళు మూసేశారు. జీడివలసలో ఇన్ని నెలలుగా అంత శ్రద్ధగా ఎవరూ ఎవర్నీ విన్నది లేదు.

సీసా సగమైంది. చుక్కి తొడల మీద చర్మం చిన్నగా వణికింది. ఆ వణుకు డొక్కల దాకా పాకింది. చుక్కి పెద్ద త్రేనుపు తేన్చింది. మేక గడ్డి వదిలేసి తల ఎత్తింది. సీసా ఖాళీ అయ్యేసరికి చుక్కి తల ఎత్తి చుట్టూ చూసింది, ఇంతమంది మా ఇంట్లో ఏం చేస్తున్నారు అన్నట్టు. తరువాత ముందరి మోకాళ్ళ మీద లేచి, ఊగి, తూలి, నాలుగు కాళ్ళ మీద నిలబడింది. నిలబడి, పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలిపెట్టింది. ఆ దారిలో ప్రత్యేకాధికారి గారి బూట్లున్నాయి, కొంత దూరం ప్యాంటు కూడా ఉంది.

మేక తాడు ఈడ్చుకుంటూ పారిపోయింది. ఊరు ఊరంతా ఈలలు వేసింది. తవిటమ్మ చుక్కి మెడ పట్టుకుని, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో, "నా తల్లే, నా బంగారమే, సంపీసినావే నన్ను!" అని తిడుతోంది.

"లేచింది!" అరిచారు నిగమానందరావు గారు. "వ్యక్తి స్వయంగా లేచింది! తన కాళ్ళ మీద తాను!"

"అవును సార్," అన్నారు డాక్టరు గారు నుదురు తుడుచుకుంటూ. "వేరే ఎవరి కాళ్ళ మీదా లేవలేదు."

ఆయనకు ఆ రోజు ఇంక ఎవరూ అడ్డు రాలేదు. శాల గేటు దగ్గర నిలబడి, కట్టలు తెగిన కాలవలా, కనబడిన ప్రతి పశువుకూ రోగం పేరు చెప్పేశారు. "పోలినాయుడూ, నీ ఆవుకి పొదుగువాపు, రేపు తీసుకురా! ఆ దున్నకి గజ్జి! ఆ మేకను పట్టుకోండర్రా! దానికి కోడలూ లేదు, గట్టూ లేదు, కడుపులో నట్ట పురుగులున్నాయి, అంతే!" చెబుతున్నకొద్దీ ఆయన వయసు తగ్గిపోతోంది. జనం వంతులు వేసుకుని తమ పశువుల్ని ముందుకు తోశారు, తిట్టించడానికి పిల్లల్ని పెద్దపంతులు గారి ముందుకు తోసినట్టు.

జనం ఆయన వెంట వెళ్ళిపోయారు. పశువులశాలలో తవిటమ్మ, చుక్కి, దూడ మిగిలారు. నిగమానందరావు గారు కూడా మిగిలారు. ఖాళీ సీసా ఇంకా నెత్తి మీదే ఉంది. దించమని ఎవరూ చెప్పలేదు.

"దించీ బాబూ," అంది తవిటమ్మ.

దించారు. తన బూట్ల వైపు చూసుకున్నారు. మెత్తటి మొహం ఇంకా మెత్తబడింది. "అమ్మా," అన్నారు, "నాకు ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియడం లేదు."

ఆయనకు తెలియడం లేదని అనిపిస్తోందని తవిటమ్మ అనలేదు.

"అలా తొట్టి దగ్గరికెల్లి కాళ్ళు కడుక్కో. బూట్లు అక్కడే ఒగ్గీ, నాను తోముతాను. ఆ మంచం మీద కూకో. దూడ తాగినాక జున్నుపాలు తీసి పొయ్యి మీద పెడతాను. వేడిగా తిను. తిన్నాక ఇంటికెల్లి పడుకో. రేపు లెగిసి ఆ బోను మళ్ళా పెట్టించు."

అయిదారు ఆజ్ఞలు, గుక్క తిప్పుకోకుండా. ఆయన ఒక్కొక్కటే వరసగా చేశారు. జున్ను తింటున్నప్పుడు మాత్రం ఒకసారి చెంచా ఆపి, "అమ్మా, ఇందులో బెల్లం కొంచెం తక్కువైంది," అన్నారు.

"అది తీర్పు," అంది తవిటమ్మ. బెల్లం తెచ్చి వేసింది.

తరువాత ఆయన రాసిన నివేదికలో, వ్యక్తి కేంద్రిత వైద్యం జీడివలసలో నూటికి నూరుపాళ్ళు విజయవంతమైనట్టు ఉందట. ఆ విజయంలో సున్నము సహాయకారిగా పాల్గొనెను అని చివర ఒక వాక్యం ఉందట. బోను మళ్ళీ పెట్టారు. పాత ఇనుము కింద జమ కట్టిన బోనును కొత్త బోను కింద కొన్నారు. డాక్టరు గారు పశువులకు సూదులు వేస్తున్నారు. అయితే సాయంత్రం పూట చాప మీద కూర్చోవడం మాత్రం మానలేదు, అప్పయ్యమ్మ లాంటివాళ్ళు వస్తూనే ఉన్నారు కాబట్టి. ఇప్పుడు మేక అక్కర్లేదు.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక తవిటమ్మ చుక్కి పక్కన గడ్డి మీద చేరబడింది. చెప్పడానికి చాలా ఉంది. ఏదీ చెప్పలేదు, ఏదీ అడగలేదు. చెయ్యి చాచి దాని చెవిని గుప్పిట్లోకి తీసుకుంది. చెవి పొయ్యి మీంచి అప్పుడే దించిన అట్టులా వెచ్చగా ఉంది. అలా పట్టుకునే నిద్రపోయింది.

ఇట్లు,
కోరాడ నరసయ్యమ్మ,
వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉంటున్నది బొబ్బిలిలో, పెద్ద కొడుకు దగ్గర.